తేనెపట్టు కోసేవాడి ఇంటిపేరు

ఇంటిపేరుకి అర్థం చెప్పి, అదే మీ రక్తమని నమ్మించే వంశవృక్షాల వ్యాపారమంటే నాకు ఒళ్ళు మంట. ఆ నమ్మకం ఎంత డొల్లో తెలియడానికి ట్సైడ్లర్ అనే ఒక్క జర్మన్ ఇంటిపేరు చాలు.

పిండిమర వాళ్ళు మ్యూలర్లు, కమ్మరులు ష్మిట్‌లు. వీళ్ళు జర్మనీలో ఊరూరా కనిపిస్తారు. ట్సైడ్లర్లు అలా కాదు. ట్సైడ్లర్ అంటే అడవి తేనెటీగల మనిషి. బతికున్న చెట్టుకి బాగా ఎత్తున తొర్ర తొలిచి, ఈగలు చేరాక తాడేసుకుని ఎక్కి పట్టు కోసేవాడు. చక్కెర దొరకని రోజుల్లో తీపి అంటే తేనె; చర్చిలో దీపమంటే మైనం. అందుకే న్యూరెంబర్గ్ చుట్టూ ఉన్న రాజుగారి అడవిలో వీళ్ళకి నాలుగో చార్లెస్ చక్రవర్తి 1350లో ప్రత్యేక హక్కులిచ్చాడు. ఫోయిష్ట్ ఊళ్ళో వీళ్ళ తగాదాలు తీర్చడానికి వేరే న్యాయస్థానమే ఉండేది. బదులుగా విల్లంబులతో చక్రవర్తికి కాపు కాయాలి.

చక్కెర చౌకయింది. అడవులు కొట్టేశారు. పని పోయింది, పేరు మిగిలింది.

ఆ పేరు ఎక్కడెక్కడ తేలిందో చూడండి. 1874లో స్ట్రాస్‌బర్గ్‌లో ఓట్మార్ ట్సైడ్లర్ అనే ఆస్ట్రియా కుర్రాడు పరిశోధన చేస్తూ ఓ కొత్త పదార్థం తయారుచేశాడు. అది పురుగుల్ని చంపుతుందని 1939లో స్విట్జర్లాండ్‌లో పాల్ మ్యూలర్ కనిపెట్టాడు. 1948లో నోబెల్ కొట్టాడు. ఆ పదార్థం డీడీటీ! తేనెటీగల వాడి పేరున్నాయన పురుగుమందు తయారుచేస్తే, పిండిమర వాడి పేరున్నాయన దాన్ని పనిలో పెట్టాడు. ఇందులో ఏ రక్తం పలికిందో ఎవరైనా చెప్పండి. అదే 1948లో, జర్మన్లు వలస వెళ్ళి స్థిరపడిన మిల్వాకీకి ఫ్రాంక్ జైడ్లర్ అనే సోషలిస్టు మేయరయ్యాడు. పన్నెండేళ్ళు ఉన్నాడు. ఈయనకీ తేనెపట్టుకీ ఏం సంబంధం?

"సరదాకి వెతుక్కుంటే నీకేంటి నొప్పి?" అంటారు. 1933లో అధికారానికొచ్చిన నాజీలు ప్రభుత్వోద్యోగులని తాతముత్తాతల బాప్తిస్మం కాగితాలు తెమ్మన్నారు. చర్చి రిజిస్టర్లే రక్తపరీక్షలయ్యాయి. పేరుని బట్టి యూదులని తెలియనివాళ్ళు మగవాళ్ళయితే ఇజ్రాయెల్ అనీ, ఆడవాళ్ళయితే సారా అనీ తగిలించుకోవాలని 1938లో హుకుం జారీ చేశారు. తర్వాత ఏమైందో మీకు తెలుసు.

"ఇంటిపేరేంటి బాబూ?" అని మన దగ్గర అడిగేవాళ్ళకి అసలు కావలసింది ఏమిటో కూడా మీకు తెలుసు. ఇంటిపేరు చరిత్ర వెతకండి, నేనూ వెతుకుతాను. ఎప్పుడో ఎవరో ప్రాణాలకి తెగించి చెట్టెక్కి తేనె తెచ్చారని తెలుస్తుంది. ఆ కష్టం వాళ్ళది. ఆ గొప్ప మన ఖాతాలో వేసుకోవద్దు. ఎదుటివాడి పేరు చూసి వాడి విలువ కట్టొద్దు.