చిన్న విమానం కూలితే శిథిలాలే సాక్ష్యం
ఘటనా స్థలాన్ని కాపాడవలసిన బాధ్యత స్థానిక అధికారులదే

పెద్దవూర: 2022 ఫిబ్రవరి 26న నల్గొండ జిల్లా పెద్దవూర మండలం తుంగతుర్తి పొలాల్లో ఒక ప్రైవేటు శిక్షణ విమానం కూలి, దానిని ఒంటరిగా నడుపుతున్న శిక్షణార్థిని దుర్మరణం పాలయ్యారు. అది రెండు సీట్ల సెస్నా 152. అంతకు ముందు 2019 అక్టోబరు 6న వికారాబాద్ జిల్లా బంట్వారం మండలం సుల్తాన్‌పూర్ వద్ద మరో సెస్నా కూలి ఇద్దరు శిక్షణార్థులు మరణించారు. రెండు చోట్లా మొదట పరుగెత్తుకు వచ్చింది పొలం పనుల్లో వున్న జనమే.

విమానం కూలిందనగానే అందరూ అడిగేది బ్లాక్ బాక్స్ దొరికిందా అని. పెద్ద విమానాల్లో తప్పనిసరి అయిన ఆ పెట్టె ఇలాంటి చిన్న శిక్షణ విమానాల్లో సాధారణంగా వుండదు. 2009 సెప్టెంబరు 2న ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రయాణిస్తున్న హెలికాప్టర్ నల్లమలలోని పావురాలగుట్టపై కూలినప్పుడు అందులో పైలట్ల మాటలను రికార్డు చేసే యంత్రం వుంది. గేర్ బాక్సు ఆయిల్ ప్రెషర్ గురించి హెచ్చరిక రాగా, ఏమి చేయాలో పైలట్లు పుస్తకంలో వెతుకుతూ కొన్ని నిమిషాలు గడిపారని త్యాగి కమిటీ తెలుసుకున్నది దాని వల్లనే. ఆ యంత్రమే లేకుంటే ఆ సంగతి అడవిలోనే కలిసిపోయేది.

2004 ఏప్రిల్ 17న కరీంనగర్ ఎన్నికల ప్రచారానికి బయలుదేరిన నటి సౌందర్య విమానం బెంగుళూరు జక్కూరులో లేచిన కొద్దిసేపటికే కూలి నలుగురు మరణించారు. అదీ చిన్న సెస్నాయే. ఇటువంటి ప్రమాదాల్లో దర్యాప్తు అధికారులకు మిగిలేది శిథిలాలు, చూసినవారి మాటలు, కాగితాలు.

శిథిలాలు చాలా చెబుతాయి. ముందు తిరిగే పంకా రెక్కలు మెలితిరిగి వుంటే నేలను తాకేటప్పుడు ఇంజను శక్తితో తిరుగుతున్నదని అర్థం. ఒక రెక్క వంగి, మరొకటి తిన్నగా వుంటే ఇంజను ముందే ఆగిందేమోనని అనుమానిస్తారు. ట్యాంకులో పెట్రోలు ఎంత వుంది, అందులో నీరు కలిసిందా, రెక్కలను కదిలించే తీగలు తెగి వున్నాయా, చెట్టు కొమ్మ మీద, కరెంటు తీగ మీద గాట్లు ఎక్కడ పడ్డాయి అన్నవి ఒక్కొక్కటిగా చూస్తారు. శకలాలు ఎంత దూరం చెదిరాయో కొలుస్తారు. పోస్టుమార్టం నివేదిక, మరమ్మతు పుస్తకాలు, వాతావరణ వివరాలు వాటితో సరిచూస్తారు.

ఈ ఆనవాళ్ళు చెరిగిపోవడానికి ఒక్క పూట చాలు. జనం తొక్కిడి పడినా, పిల్లలు ఒక ముక్క ఇంటికి పట్టుకుపోయినా, ట్రాక్టరుతో పక్కకు లాగినా పోయిన సాక్ష్యం తిరిగి రాదు. మనుషులను కాపాడడానికి, మంటలు ఆర్పడానికి తప్ప శిథిలాలను కదల్చరాదని నియమాలు చెబుతున్నాయి. ఢిల్లీ నుంచి అధికారులు వచ్చేదాకా కాపలా కాయవలసింది ఎస్.ఐ., తహసీల్దారు, పంచాయతీ కార్యదర్శులే.

2012 వరకు ఇటువంటి దర్యాప్తులను ఎక్కువగా పౌర విమానయాన డైరెక్టరేటే చూసుకునేది. లైసెన్సు ఇచ్చేదీ, తనిఖీ చేసేదీ ఆ శాఖే కావడంతో తన లోపాన్ని తానే ఎట్లా పట్టుకుంటుందన్న ప్రశ్న వుండేది. ఆ ఏడాది విమాన ప్రమాదాల దర్యాప్తు బ్యూరో ఏర్పడింది. అయితే అదీ విమానయాన మంత్రిత్వ శాఖ కిందనే వుంది. అంతర్జాతీయ ఒప్పందం ప్రకారం ముప్పై రోజుల్లో ప్రాథమిక నివేదిక, వీలైతే ఏడాదిలో తుది నివేదిక రావాలి.

ఈ దర్యాప్తు ఎవరినీ శిక్షించడానికి కాదు. తప్పొప్పులు తేల్చేది పోలీసు కేసు, కోర్టు. అదే కారణంతో మరొకరు చనిపోకుండా చూడడమే దీని పని. అందుచేత నివేదిక కంప్యూటర్లో ఇంగ్లీషులో పెడితే సరిపోదు. శిక్షణ విమానాలు నిత్యం తిరిగే మండలాల్లో దాని సారాంశాన్ని తెలుగులో గ్రామసభకు చదివి వినిపించాలి. కూలిన విమానాన్ని ముట్టుకోకుండా ఏమి చేయాలో ప్రతి పోలీసు స్టేషనుకూ ముందే తెలియజెప్పాలి. జిల్లా కలెక్టర్లు ఈ విషయమై శ్రద్ధ వహించవలసి వుంది.