పోయేది కాలమే

తలకు బలమైన దెబ్బ తగిలి, ఆపరేషన్ జరిగి, ప్రాణంతో ఇల్లు చేరిన మనిషి చుట్టూ సలహాలు మూగుతాయి. చెయ్యి లేవడం లేదు, మాట ముద్దగా వస్తోంది. సూదులు గుచ్చిస్తే నరాలు మేలుకుంటాయని ఒకరు, కప్పులు పెట్టిస్తే చెడు రక్తం పోతుందని మరొకరు. డాక్టరు మందులు ఎలాగూ వాడుతున్నాం, దీనివల్ల పోయేదేముంది అనే మాటతో చర్చ ముగుస్తుంది. 2022లో మన దేశపు రోడ్ల మీద 4,43,366 మంది గాయపడ్డారు. వారిలో తలకు దెబ్బ తగిలినవారి కుటుంబాలకు ఈ ఒక్క మాట చేసే చేటు చిన్నది కాదు. పోయేది కచ్చితంగా ఉంది.

ముందు ఆధారం సంగతి చూద్దాం. తల గాయాలకు ఆక్యుపంక్చర్ పనిచేస్తుందా అని, వైద్య పరీక్షల ఫలితాలను కలిపి తూచే కోక్రేన్ సంస్థ సమీక్షకులు 2013లో వెతికితే లెక్కలోకి తీసుకోదగ్గ పరీక్షలు నాలుగే దొరికాయి. వాటిలో పాల్గొన్నది మొత్తం 294 మంది. వాటి నాణ్యత కూడా తక్కువే కనుక, పనిచేస్తుందని చెప్పడానికి ఆ ఆధారం చాలదని తేల్చారు. మెదడునే దెబ్బతీసే పక్షవాతం మొదటి రోజుల్లో చేసే ఆక్యుపంక్చర్ మీద కోక్రేన్ 2018 సమీక్షకు 33 పరీక్షలు, 3,946 మంది దొరికారు. అక్కడ కూడా అసలు సూదిని నకిలీ సూదితో పోల్చినచోట మరణాల్లో, పరాధీనతలో చెప్పుకోదగ్గ తేడా లేదు. నకిలీ సూదుల్లో ఒక రకానికి మొన మొద్దుగా ఉంటుంది. చర్మాన్ని తాకగానే సూది పిడిలోకి జారుకుంటుంది. చురుక్కుమంటుంది, దిగినట్టే కనిపిస్తుంది, కానీ దిగదు. ఇక కప్పింగ్ విషయానికొస్తే, మెదడు గాయానికి అది పనికొస్తుందనడానికి నమ్మదగిన ఆధారమే లేదు. కప్పు లాగుడుకు చర్మం ఉబ్బి, సన్నని రక్తనాళాలు చిట్లి గుండ్రంగా కములుతుంది. అది కమిలిన చర్మమే, మెదడులోంచి దిగిన చెడు రక్తం కాదు.

కళ్లారా చూశాం, సూదులు మొదలుపెట్టాకే చెయ్యి కదిలింది అంటారు. చెయ్యి కదిలిన మాట నిజమే. కానీ దెబ్బతిన్న మెదడు తొలి నెలల్లో తనంతట తానే కొంతవరకు కోలుకుంటుంది. తల గాయంతో స్పృహ లేని, లేదా అంతంతమాత్రంగా ఉన్న 184 మంది మీద అమాంటడిన్ అనే మందును పరీక్షించిన ఫలితాలు 2012లో వచ్చాయి. మందు తీసుకున్నవారు వేగంగా మెరుగుపడ్డారు. మందు లేని ఉత్తి మాత్ర మింగినవారూ మెరుగుపడ్డారు. పోల్చడానికి ఆ రెండో గుంపే లేకపోతే ఆ మార్పంతా మందు ఖాతాలోకే పోయేది. సూదుల ఖాతాలోకి పోతున్నది అలాంటి మార్పే.

ఇది అల్లోపతి వాళ్ల పక్షపాతం అనే ఆరోపణకూ జవాబుంది. తలకు దెబ్బ తగిలినవారికి దశాబ్దాలపాటు స్టెరాయిడ్లు ఇచ్చారు. క్రాష్ అనే పరీక్షలో పదివేలమందికి పైగా రోగుల మీద సరిచూస్తే, రెండు వారాల్లో స్టెరాయిడ్ పొందినవారిలో 21.1 శాతం, పొందనివారిలో 17.9 శాతం చనిపోయినట్టు 2004లో తేలింది. ఆ అలవాటును వదులుకోవలసి వచ్చింది. తన సొంత నమ్మకాన్నే ఇలా తూకం వేసుకున్న వైద్యం, అదే తూకాన్ని సూదికీ కప్పుకీ అడగడం పక్షపాతం కాదు. మైగ్రేన్ తలనొప్పులు తరచుగా రాకుండా ఆక్యుపంక్చర్ కొంత ఉపకరిస్తుందని అదే తూకంలో తేలింది, దాన్ని ఒప్పుకోవాలి. అయితే నొప్పిని తగ్గించడం వేరు, తెగిన నరాల దారులను తిరిగి నిలబెట్టడం వేరు.

పైగా ఈ రోగులు మామూలు రోగులు కారు. వాపు తగ్గడానికి పుర్రెలో కొంత ఎముక తీసేసినవారి తల మీద, ఎముక లేనిచోట, సూది గుచ్చడం ప్రాణాలతో చెలగాటం. రక్తాన్ని పలచబరిచే మందులు వాడేవారికి కప్పింగ్ కోసం గాట్లు పెడితే రక్తం త్వరగా ఆగదు. స్పర్శ పోయిన వీపు మీద మంట పెట్టిన కప్పు కాలుతున్నా తెలియదు, మాట పోయినవారు తెలిసినా చెప్పలేరు. వీటన్నిటినీ మించిన నష్టం కాలం. పక్షవాతం వచ్చిన 222 మంది మీద చేసి 2006లో ప్రచురించిన పరీక్షలో, బాగున్న చేతికి తొడుగు వేసి, బలహీనమైన చేతితోనే రెండు వారాలు పనులు చేయించారు. ఆ చేయి మెరుగైంది, ఆ మేలు ఏడాది తర్వాతా నిలిచింది. మెదడు పని చేయిస్తేనే నేర్చుకుంటుంది. గుండీ పెట్టుకోవడం, గ్లాసు ఎత్తడం, పేరు పలకడం, ఇవే వందలసార్లు. ఫిజియోథెరపీకి, స్పీచ్ థెరపీకి వెళ్లడానికే డబ్బూ తోడూ చాలని ఇంట్లో, సూదుల కోసం వారానికి మూడుసార్లు ఆటో ఎక్కితే ఆ గంటలు ఈ అభ్యాసంలోంచే తరుగుతాయి. ఆ గంటల్ని ఆ చేతికే ఇవ్వండి.