పన్నెండు గాజులు, ఒక్క ఫోటో

మా అక్క గుంటూరులో ఇంట్లోనే పట్టుదారం గాజులు చుట్టి, వాట్సాప్‌లో ఫోటోలు పెట్టి అమ్ముతుంది. పోయిన నెల మూడు జతలు వెనక్కొచ్చాయి. "ఫోటోలో మెరూన్, చేతికొచ్చింది ఎరుపు" అని కంప్లైంటు. రానూపోనూ కొరియర్ ఖర్చు అక్కదే. ఒకావిడైతే మోసం అనే మాట కూడా వాడిందిట.

తప్పు దారానిది కాదు, ఫోనుది. ఒక్కో గాజునీ దగ్గరగా పెట్టి తీస్తే ఫ్రేమంతా ఎరుపే నిండుతుంది, ఆటో వైట్ బ్యాలెన్స్ దాన్ని "సరిదిద్దేస్తుంది". అందుకే నేననేది, చిన్న వస్తువుల్ని విడివిడిగా తీయకండి. తెల్ల చార్టు మీద పేర్చి ఒక్క ఫోటో తీసి, తర్వాత ముక్కలు చెయ్యండి. టైము కలిసొస్తుందని కాదు (వస్తుంది, అది వేరే సంగతి). రంగు తప్పినా అన్నిటికీ ఒకేలా తప్పుతుంది, చార్టు తెలుపు చూసి ఒక్కసారి సరిచేస్తే చాలు. 12 మెగాపిక్సెళ్ళంటే 4000 × 3000. అడ్డంగా 4, నిలువుగా 3 పేరిస్తే ఒక్కోదానికి 1000 × 1000 దక్కుతుంది. అత్యాశకి పోయి 48 పెడితే 500 × 500 తో సరిపెట్టుకోవాలి.

ఇక స్క్రిప్టు. పైతాన్, ఓపెన్‌సీవీ, 1979 నాటి ఓట్సు పద్ధతితో చార్టు నుంచి వస్తువుని వేరుచేసి అంచులు వెతకడం, అంతే. మొదటి రన్‌లో 12 గాజులకి 22 ఫోటోలొచ్చాయి :) గాజు మధ్య కన్నాన్నీ వస్తువే అనుకుంది. మరి 24 రావాలి కదా అంటారా? క్రీమ్ రంగు గాజు తెల్ల చార్టులో కలిసిపోయింది.

కన్నం సంగతి ఒక్క లైనులో తేలింది. నీడ తేల్లేదు. కిటికీకి అవతలివైపు ప్రతి గాజుకీ ఓ తోక. ఆదివారం మధ్యాహ్నం దాకా థ్రెషోల్డులు మారుస్తూ కూర్చున్నా. అక్క చూసి చూసి, ఫ్రిజ్‌తో వచ్చిన థర్మకోల్ షీటు తెచ్చి కిటికీకి ఎదురుగా నిలబెట్టింది. తోకలు పల్చబడి పోయాయి. "దీనికేనా రా పొద్దుట్నుంచీ?" క్రీమ్ వాటికి బూడిదరంగు చార్టు కూడా తనే వేసింది.

2023లో మెటా వదిలిన సెగ్మెంట్ ఎనీథింగ్ ఉండగా ఈ తిప్పలేంటి అంటారేమో. అంచు అది బాగానే గీస్తుంది. ఫోటోలోనే రంగు తప్పాక అంచు ఎంత నాజూగ్గా కత్తిరిస్తే ఏం లాభం?

అన్నట్టు, అంచుకి ఆనించి కత్తిరిస్తే 2.4 గాజూ 2.8 గాజూ ఒకేలా కనిపిస్తాయి. తేడా పావు అంగుళం, చేతికి ఎక్కడానికీ ఎక్కకపోవడానికీ అది చాలు. అందుకని ఇప్పుడు అన్నిటినీ ఒకే కొలత డబ్బాతో కోస్తున్నా. మెరూన్ ఆవిడకి అక్క కొత్త ఫోటో పంపింది. నీలం టిక్కులు పడ్డాయి, జవాబింకా రాలేదు.