తొంభై మీటర్ల నిచ్చెనకు ఆరు మీటర్ల దారి

2023 జనవరిలో కర్ణాటక అగ్నిమాపక శాఖకు 90 మీటర్ల ఎత్తు అందుకునే నిచ్చెన బండి వచ్చింది. ఫిన్లండ్‌కు చెందిన బ్రాంటో స్కైలిఫ్ట్ తయారీ. దాదాపు ముప్పై అంతస్తుల దాకా మనుషులను చేరుస్తుంది. ఆకాశహర్మ్యాలు లేస్తున్న బెంగళూరుకు అది అవసరమే. కానీ ముందు బండి నిలబడాలి కదా! ఎత్తయిన భవనం చుట్టూ 6 మీటర్ల వెడల్పున, 45 టన్నుల బరువు మోయగల దారి ఉండాలని 2016 జాతీయ భవన నియమావళి చెబుతోంది. ఆ జాగాలో కార్లు నిలిపి, పూలకుండీలు పేర్చిన అపార్ట్‌మెంట్‌కు ఆ బండి ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే.

ఎత్తులో పనిచేసే యంత్రాల్లో చాలావాటికి ఇదే చిక్కు. అద్దెకు తీసుకునేవారు ఎన్ని మీటర్లు లేస్తుందని అడుగుతారు. కింద నేల సంగతి ఎవరికీ పట్టదు.

సిజర్ లిఫ్ట్ నిటారుగా లేస్తుంది, పక్కకు చేయి చాపదు. వేదిక విశాలం కాబట్టి ఇద్దరు మనుషులు సామానుతో సహా ఎక్కి ఫాల్స్ సీలింగ్, ఏసీ డక్టులు, స్ప్రింక్లర్ పైపులు బిగించుకోవచ్చు. బ్యాటరీతో నడిచే రకానికి నున్నటి గచ్చు ఉండి తీరాలి. నెలమంగల గోదాముల్లో, వైట్‌ఫీల్డ్ ఐటీ పార్కుల లోపల దానికి ఢోకా లేదు.

బూమ్ లిఫ్ట్ కథ వేరు. టెలిస్కోపిక్ రకం తిన్నగా దూరం సాగుతుంది. ఆర్టిక్యులేటెడ్ రకం మోచేయిలా మడుచుకుని, అడ్డొచ్చిన పైపునో షెడ్డునో దాటించి అవతలికి చేరుస్తుంది. ప్రమాదమంతా ఆ పొడుగు చేతిలోనే ఉంది. చక్రం చిన్న గుంటలో దిగితే కింద కుదుపు కొద్దిగానే తెలుస్తుంది. చివరనున్న బుట్ట మాత్రం ఒక్క విదిలింపు విదిల్చి మనిషిని బయటికి విసిరేయగలదు. అందుకే చుట్టూ కటకటాలున్నా హార్నెస్ వేసుకుని, దాని తాడును బుట్టలోని కొక్కేనికే తగిలించాలన్నది నియమం. ఇక గుంటల మాటకొస్తే, వానాకాలంలో బెంగళూరు రోడ్ల గురించి వేరే చెప్పాలా?

ఇరుకు చోట్లకు స్పైడర్ లిఫ్ట్ నయం. సన్నటి గేటులోంచి దూరి, నాలుగు కాళ్లూ చాపి నిలుస్తుంది. ఆ కాళ్ల కింద మూత పెట్టిన కాలువో సంపో లేదని చూసుకోవాలి. వీధి దీపాలకు, చెట్ల కొమ్మలకు లారీ మీద బిగించిన బుట్ట చాలు, 11 కేవీ తీగకు దూరంగా ఉంచితే. అద్దాల గోడలు తుడిచే గొండోలాకు మాత్రం నేలతో పనిలేదు, దాని బరువంతా పైకప్పు మీదే.

ఇన్ని ఉండగా నాలుగంతస్తుల ఇళ్లకు ఇంకా సరుగుడు కట్టెల పరంజా, తాళ్లకు వేలాడే పలక ఎందుకు? కూలీ చవక కాబట్టి అంటారు. అది సగం నిజం. థర్టీ ఫార్టీ (30×40 అడుగుల) సైట్లలో గోడకు గోడ ఆనుకుని లేచిన ఇళ్ల మధ్య స్పైడర్ లిఫ్ట్ కూడా కాళ్లు చాపలేదు. అనంతపురం, చిత్తూరు వైపు నుంచి వచ్చి రంగులు వేసే మనవాళ్లు ఆ తాళ్లను ఇష్టపడి పట్టుకోవడం లేదు.

మళ్లీ ఆ ఆరు మీటర్ల దారి దగ్గరికి వస్తే, ఓసీ (ఆక్యుపెన్సీ సర్టిఫికెట్) ఇచ్చే రోజున సెట్‌బ్యాక్, అంటే భవనం చుట్టూ వదలాల్సిన ఖాళీ జాగా, కొలిచి సంతకం పెడితే సరిపోదు. ఏటా ఒకసారి అదే టేపు పట్టుకుని అధికారులు మళ్లీ రావాలి. ఆక్రమణ తీసేదాకా ఫైర్ క్లియరెన్స్ ఆపాలి. 90 మీటర్ల బండి కొనడంతో పోలిస్తే దీనికయ్యే ఖర్చు లెక్కలోకే రాదు.