లఘుభాషా వ్యాకరణము - ప్రత్యుదాహరణ పరీక్ష

సంస్కృతము కంప్యూటరుకు మిక్కిలి అనువైన భాష యను మాట సభలలో తఱచుగా వినవచ్చును. 1985లో రిక్ బ్రిగ్స్ ప్రకటించిన వ్యాసమును దీనికి ప్రమాణముగా చూపుదురు. ఆ వ్యాసము చర్చించినది శాబ్దబోధ పద్ధతిని. ప్రోగ్రాములను సంస్కృతమున వ్రాయుమని కాదు. ఇట్టి పొగడ్తవలన విద్యార్థికి కలుగు లాభము స్వల్పము. పాణినీయమునకును ప్రోగ్రాము భాషల వ్యాకరణమునకును గల చుట్టఱికము పద్ధతియందున్నది.

1959లో జాన్ బ్యాకస్ ప్రతిపాదించిన నియమరచనా సంకేతమును, 1960 నాటి ఆల్గాల్ నివేదికలో పీటర్ నౌర్ సంస్కరించి వాడెను. దీనికి పాణిని పేరు చేర్చవలెనని 1967లో ఇంగర్‌మన్ సూచించెను. అయినను భేదము కలదు. బ్యాకస్ నియమము పూర్వాపరముల నపేక్షింపదు; పాణిని ఆదేశసూత్రము పంచమీ సప్తములచే వానిని నిర్దేశించును.

సంఖ్యలు, కూడిక, గుణకారము మాత్రమే గల లఘుభాష నొకదానిని గ్రహింతము. 'సంఖ్య వాక్యము, రెండు వాక్యముల నడుమ ఏ గుర్తున్నను వాక్యమే' యని లక్షణము చెప్పినచో 2 + 3 × 4 అనుదానికి రెండు విగ్రహములు కలుగును, ఒకదాన ఫలము 20, వేఱొకదాన 14. ఈ సందేహము తొలగుటకు 'గుణితము' అను సంజ్ఞ కావలెను. సంఖ్య గుణితము, గుణితము × సంఖ్య గుణితము, గుణితము వాక్యము, వాక్యము + గుణితము వాక్యము. ఇప్పుడు 14 ఒక్కటియే సిద్ధించును.

పిమ్మట పరీక్ష. 2 + × 4 అనుదానిని అంగీకరించు లక్షణమునకు అతివ్యాప్తి. రెండవ నియమము విడిచినచో 3 × 4 సిద్ధింపదు; అది అవ్యాప్తి. మూడవది విడిచినచో వాక్య మొక్కటియు సిద్ధింపదు, అది అసంభవము. తర్కపాఠమున ఈ మూడు దోషములను వల్లించిన విద్యార్థికి ఇందు క్రొత్తది లేదు. యణాదేశమునకు దధ్యత్ర ఉదాహరణము. ఆ సూత్ర మొక్కటియే యున్నచో హరి + ఈశః అనుచోట హరీశః సిద్ధింపదు, సవర్ణదీర్ఘము దానిని బాధింపవలెను. కాశికాకారుడు ఉదాహరణముతోపాటు ప్రత్యుదాహరణము నిచ్చుట ఇందులకే.

శాస్త్రపాఠమునకే కాలము చాలదని కొందఱందురు. వారమున కొక గంట చాలును; కాగితము, కలము చాలును. ఉదాహరణములు దోషమును చూపునే కాని నిర్దోషత్వమును సాధింపవనియు విద్యార్థి అప్పుడే గ్రహించును. అష్టాధ్యాయి సూత్రములనే పెక్కింటిని కాత్యాయన పతంజలులు పరీక్షించిరి. ప్రాచ్య కళాశాలలు ఆ పరీక్షను నేర్పినచో పాణిని ఘనతను వేదికలపై చాటవలసిన పని యుండదు.