టైరు చెప్పే సాక్ష్యం

అత్తమీది కోపం దుత్తమీద తీర్చడమని మనవాళ్లు అంటారు గదా! టైరు అరిగితే దాన్నే తిట్టి, పారేసి, కొత్తది వేయించేవారిని చూస్తే నాకు ఆ సామెతే గుర్తుకొస్తుంది. టైరు తనంతట తాను తప్పుచేయడం బహు తక్కువ. ఎవరి తప్పుకో అది అరుగుతుంది, అంతే.

ఈ వారం ముచ్చట అమెరికాది. అక్కడ కారు వెనుక తగిలించుకొని ఊళ్లు తిరిగే ఇంటిబండ్లు ఉన్నాయి. ట్రావెల్ ట్రైలరు అంటారు. మంచం, పొయ్యి, ఫ్రిజ్జు, స్నానాల గది అన్నీ అందులోనే. ఇంజనూ లేదు, స్టీరింగూ లేదు. టెక్సాస్‌లో ఉంటున్న మా అల్లుడిగారికి అలాంటిది ఒకటున్నది. చిన్నది, ఒకటే ఇరుసు, రెండే చక్రాలు. కిందటి వేసవిలో నేనక్కడ ఉన్నప్పుడు దాన్ని చూపించి, "మామయ్యగారూ, ఈ టైర్లు వేయించి ఏడాదన్నా కాలేదండీ!" అన్నారు.

వంగి చూశాను. రెండింటికీ లోపలి అంచు నున్నబడి పోయింది. బయటి అంచున గాడులు మాత్రం కొత్తవాటిలా ఉన్నాయి. కుడివైపుది మరీ అన్యాయం. దుకాణంవాడు ఇంకో జత వేయించుకోమన్నాడట. వాడి వ్యాపారం వాడిది!

అంతకుముందు జతలో కుడిది రోడ్డుమీదనే పగిలింది. ఊడిన రబ్బరు కొరడాలా తిరిగి చక్రం మీది రేకునూ, నేలకింద నీటిగొట్టాన్నీ చీల్చేసింది. వంటగాస్ గొట్టం అక్కడికి జానెడు దూరం. కార్లో పిల్లలిద్దరూ నిద్రపోతున్నారట. మా అమ్మాయి నవ్వుతూనే చెప్పింది గాని, నాకు నవ్వు రాలేదు.

ఇంతకూ సాక్ష్యం చదవడం ఎలాగంటారా? నడుమ మాత్రమే అరిగితే గాలి ఎక్కువైనట్లు. అంచులు రెండూ అరిగి నడుమ మిగిలితే గాలి తక్కువ, లేదా బరువు ఎక్కువ. అక్కడక్కడా గుంటలు పడితే బేరింగన్నా వదులై ఉండాలి, చక్రం బ్యాలెన్సన్నా తప్పి ఉండాలి. అరచేత్తో టైరును అడ్డంగా నిమిరి చూడండి. పోయేటప్పుడు నున్నగానూ, వచ్చేటప్పుడు రంపపు పళ్లలానూ తగిలితే, చక్రం తిన్నగా చూడక పక్కచూపు చూస్తూ ఈడ్చుకుపోతున్నదన్నమాట. ఇదిగో, ఇలా ఒక్క అంచే నున్నబడితే చక్రం వాలి నడుస్తున్నదని అనుమానించాలి.

గాలి చూశాం. టైరు పక్కన అచ్చు వేసినట్లే, చల్లగా ఉన్నప్పుడు సరిగ్గా 50 పౌండ్లు. ముందు తగిలించే కొక్కెం నుంచి రెండు చక్రాల నడిబొడ్డుకూ టేపు పెట్టి కొలిచాం. రెండూ సమానమే, అంటే ఇరుసు అడ్డం తిరగలేదు. ఇక మిగిలింది బరువు.

ఇటువంటి బండికి ఇరుసు ఒక ఇనుపగొట్టం. దాన్ని చేసేటప్పుడే నడుమ కాస్త పైకి వంచుతారు, బరువు పడగానే తిన్నబడాలని. బరువు మితిమీరితే ఆ నడుమ దిగిపోతుంది, చక్రాల తలలు లోపలికి వాలతాయి, భారమంతా లోపలి అంచుకే. కారుకు ఉన్నట్లు మరలు తిప్పి సరిచేసే సదుపాయం దీనికి లేదు.

లారీలను తూచే కాటాకు తీసుకుపోయాం. ప్రయాణానికి ఎలా సర్దుతారో అచ్చం అలాగే సర్దమన్నాను. ఖాళీబండిని తూచి లాభమేమిటి? ఇరుసు 3,500 పౌండ్లకు చేసింది. ఆ టైర్లు ఒక్కొక్కటి 1,820, వెరసి 3,640 మోయగలవు. కాటా 3,940 చూపించింది! కుడివైపు తొట్టిలో 30 గ్యాలన్ల నీళ్లే 250 పౌండ్లు. గ్రైండరు, బియ్యపు మూటల సంగతి రాయను. మా అమ్మాయి ఈ పత్రిక చదువుతుంది.

ఇంటికొచ్చి సామాను దింపి, జాకీ చట్రం కింద పెట్టి చక్రాలు లేపాం. ఇరుసు గొట్టం కింద మాత్రం జాకీ పెట్టకండి, అదే వంగుతుంది. గొట్టం అడుగున ఈ చివరి నుంచి ఆ చివరికి దారం లాగి పట్టాం. బరువు లేనప్పుడు నడుమ సందు కనిపించాలి. గొట్టం దారానికి అంటుకొని ఉన్నది. దొంగ దొరికాడు.

"అయితే ఇంకా బలమైన ఇరుసు వేయిస్తే సామాను తగ్గించనక్కర లేదు గదండీ?" అన్నారు అల్లుడుగారు. అక్కడే చాలామంది పొరపడతారు. ఇరుసు మారినా చట్రం మారదు. బండిమీద కంపెనీవారు రాసిన మొత్తం బరువు పెరగదు. అదే 3,500 పౌండ్ల ఇరుసు కొత్తది వేయించారు. టైర్లు మాత్రం ఒక తరగతి పైవి, 65 పౌండ్ల గాలితో ఒక్కొక్కటి 2,150 మోసేవి. రిమ్ము అంత గాలికి తట్టుకుంటుందో లేదో ముందే చూసుకున్నాం. నీళ్లు దిగిన చోట నింపుకోవడం, గ్రైండరు ఇంట్లో ఉండడం. రెండోసారి కాటా 3,380. ఇప్పుడాయన వెయ్యి మైళ్లకొకసారి గాడుల లోతు లోపల, నడుమ, బయట మూడుచోట్లా కొలిచి రాసిపెడుతున్నారు.

ఇంకొక్క మాట. ఈ బండ్లు ఏడాదిలో ఎక్కువ రోజులు ఎండలో నిలబడే ఉంటాయి. అరగకముందే టైర్లు ముసలివౌతాయి. టైరు పక్కన చివరి నాలుగంకెలు చూడండి. 2419 అంటే 2019లో 24వ వారం తయారైనది. గాడులు ఎంత లోతుగా ఉన్నా సరే, ఆరేళ్లు దాటిన ట్రైలరు టైరును నేనైతే పెద్దరోడ్డు ఎక్కనివ్వను.