మిషను పెట్టినా మత్తు తగ్గలేదు

ప్రశ్న: మావారికి 48 ఏళ్లు. మిర్చి లోడుతో గుంటూరు యార్డుకు లారీ తోలతారు. గురక, నిద్రలో ఊపిరి ఆగడం ఉంటే పరీక్షచేసి సీపాప్ మిషను వాడమన్నారు. మూడు వారాలైనా పగటి మత్తు తగ్గలేదు. అర్ధరాత్రి మాస్కు తీసేస్తున్నారు. మిషను తిరిగి ఇచ్చేయమంటారా?
— ఒక సోదరి, తుళ్లూరు

జవాబు: తొందరపడకండమ్మా. నిద్రలో గొంతు కండరాలు వదులై గాలిదారి మూసుకుపోవడమే ఈ జబ్బు. ఊపిరి ఆగినప్పుడల్లా మెదడు ఉలిక్కిపడుతుంది. ఆ సంగతి రోగికి తెలియదు. 1981లో ఆస్ట్రేలియా డాక్టరు కాలిన్ సల్లివాన్ బృందం ప్రకటించిన ఈ పద్ధతిలో గాలి ఒత్తిడి ఆ దారిని తెరిచి ఉంచుతుంది. కళ్లజోడులాగే, పెట్టుకున్నంతసేపే గుణం. పగలు పడుకున్నా పెట్టుకోవలసిందే.

కొందరికి వారంలోనే తెరిపి కనిపిస్తుంది. కొందరికి రెండు మూడు నెలలు పడుతుంది. మెలకువలో రోజూ అరగంట మాస్కు పెట్టుకుని కూర్చుంటే అలవాటవుతుంది. పక్కలనుంచి గాలి పోతుంటే సైజు మార్పించండి. ముక్కు ఎండిపోతే తేమనిచ్చే పరికరం అమర్చుకోవచ్చు. మిర్చి కల్లాల రోజుల్లో ఘాటుకు ముక్కు బిగిస్తే మందుల షాపులో దొరికే సెలైన్ చుక్కలు వేయండి. ఫిల్టరు శుభ్రంగా ఉంచండి. మద్యం, నిద్రమాత్రలు వద్దు. బరువుంటే తగ్గాలి.

ఎన్ని గంటలు వాడిందీ, ఊపిరి ఎన్నిసార్లు ఆగిందీ చాలా మిషన్లలో నమోదవుతుంది. ఆ లెక్క డాక్టరుకు చూపించండి. ఆగడం గంటకు 5 లోపు ఉండి, రోజూ ఏడు గంటలు నిద్రపోతున్నా మత్తు వదలకపోతే థైరాయిడ్, రక్తహీనత పరీక్షలు చేయించాలి.

మత్తు పూర్తిగా వదిలేదాకా మాత్రం ఆయన్ని స్టీరింగు పట్టనివ్వకండి. ఈ లోడు పోతే మరో లోడు దొరుకుతుంది. రోడ్డుమీద రెప్పపాటు కునుకు పడితే ఆయన ప్రాణమే కాదు, ఎదుటివారి ప్రాణమూ పోతుంది.